వాతావరణ కవిత్వంలో ‘మనిషి’ ఎవరు?

గత పదేళ్ళలో తెలుగు కవిత్వంలోకి ఒక కొత్త వస్తువు వచ్చి చేరింది. ఎండలు ముదరడం, వానలు గతి తప్పడం, నదులు ఒకనాడు ఎండి మరొకనాడు ఊళ్ళను ముంచడం – వీటిమీద కవితలు వెయ్యని పత్రిక లేదు, కవితలు చదవని సభ లేదు. ఇది సంతోషించవలసిన విషయమే. సంఘాన్ని కుదిపే ప్రతి సమస్యా సాహిత్యంలో ప్రతిఫలించాలని కోరేవాళ్ళం మనం. ఇంత పెద్ద సమస్య ప్రతిఫలించకపోతేనే తప్పు పట్టవలసివచ్చేది. అయితే వస్తువు కొత్తదైనంత మాత్రాన దృష్టి కూడా కొత్తది కానక్కరలేదు. ఈ కవితల్లో చాలా భాగం చదివిన తరువాత నాకు మిగిలిన అసంతృప్తికి కారణమేమిటా అని వెతుక్కుంటే అది ఒక్క మాట దగ్గర తేలింది. ఆ మాట ‘మనిషి’.

మనిషి అత్యాశకు పోయాడు, అడవిని నరికాడు, భూమాత గుండెను తవ్వాడు, ఆకాశానికి పొగ పెట్టాడు, ఇప్పుడు అనుభవిస్తున్నాడు. కొంచెం ఇటూ అటూగా ఈ కవితల సారాంశం ఇదే. ఎవరీ మనిషి? ఏ ఊరివాడు? ఏం పని చేస్తాడు? నెలకెంత సంపాదిస్తాడు? అడవి నరికింది తన పొయ్యికోసమా, మరొకరి మిల్లుకోసమా? కవి చెప్పడు. కొన్ని కవితల్లో ‘మనిషి’కి బదులు ‘మనం’ ఉంటుంది. అది మరీ ప్రమాదకరం. ‘మనం’ అన్నప్పుడు కవి తన్నుతాను కూడా నిందించుకుంటున్నట్టు కనిపిస్తాడు. ఆ నిజాయితీకి ముచ్చటపడి పాఠకుడు లెక్క అడగడం మానేస్తాడు.

కవిత్వాన్ని లెక్కల పుస్తకం చెయ్యవద్దని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణ పాతదే. జమీందారునూ పాలేరునూ ఒకే ‘మానవుడు’ అనే దుప్పటి కింద పడుకోబెట్టి, మానవుడి క్రౌర్యానికి నిట్టూర్చే కవిత్వం మనకు పూర్వం చాలా ఉండేది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు మొదటి మహాసభ జరుపుకున్న నాటినుంచీ మన సాహిత్యోద్యమం చేసిన పనుల్లో ముఖ్యమైనది ఆ దుప్పటి లాగెయ్యడమే. అన్నం విషయంలో, భూమి విషయంలో, కూలి విషయంలో లాగేసిన దుప్పటిని గాలి విషయం వచ్చేసరికి మనమే తెచ్చి కప్పుతున్నాం.

సత్తుపల్లిలో కూర్చుని ఈ సంగతి ఆలోచించేవాడికి కొన్ని సౌకర్యాలున్నాయి. బొగ్గు తవ్వేచోటూ, బొగ్గు కాల్చేచోటూ, వేడెక్కిన వాతావరణం దెబ్బతీసేచోటూ ఒక్కరోజు ప్రయాణంలో చూసి రావచ్చు. ఊరికి ఆనుకునే సింగరేణివారి జె.వి.ఆర్. ఓపెన్‌కాస్టు గని ఉంది. కొంచెం ఎడంగా కిష్టారం గని. గనికి దగ్గరి కాలనీలవాళ్ళు పేలుళ్ళకు తమ ఇళ్ళు అదురుతున్నాయని ఎన్నోసార్లు ఆందోళన చేశారు. ఇక్కడి బొగ్గు ఒకప్పుడు లారీల మీద దుమ్ము రేపుకుంటూ కొత్తగూడెం వెళ్ళేది. 2022లో భద్రాచలం రోడ్డు స్టేషను నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల రైలుమార్గం పూర్తయిన తరువాత రైలెక్కుతున్నది. అటు పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం, మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం. ఆ పక్కనే గోదావరి. 2022 జూలై 16న భద్రాచలం వద్ద అది 71.3 అడుగుల ఎత్తున పారింది. ఇటు ఖమ్మంలో మున్నేరు 2024 సెప్టెంబరు 1న కాలనీలకు కాలనీలనే ముంచింది. అంతకుముందు, 2015 మే నెలలో, వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి రెండువేలమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఎండలో పనిచెయ్యక తప్పని కూలీలు, ముసలివాళ్ళు.

ఏ ఒక్క వరదకైనా ఫలానా పొగగొట్టమే కారణమని చెప్పలేం. శాస్త్రజ్ఞులు కూడా అట్లా చెప్పరు. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుందనీ, అందుచేత కురిసినప్పుడు కుండపోతగా కురవడానికి అవకాశం పెరుగుతుందనీ, వడగాడ్పులు మరింత తీవ్రమవుతాయనీ మాత్రం వాళ్ళు నిర్ధారించారు. 2022 వరద చూడవచ్చిన అప్పటి ముఖ్యమంత్రి దీనివెనక విదేశాల కుట్ర ఉండవచ్చునని అనుమానం వెలిబుచ్చారు. నవ్వినవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఆ ‘విదేశీ కుట్ర’కూ మన కవుల ‘మనిషి’కీ పెద్ద తేడా కనిపించలేదు. రెండూ నేరస్థుడి చిరునామా చెప్పవు.

చిరునామా ఉంది. బొగ్గులోని కర్బనం కాలేటప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తుంది గనక, మన ప్రాంతపు రకం బొగ్గు టన్ను కాలిస్తే సుమారు టన్నున్నర బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. 2023–24లో సింగరేణి తవ్వింది 7 కోట్ల టన్నులు. అంటే దాదాపు పదికోట్ల టన్నుల వాయువు. ఇందులో అత్యధిక భాగం విద్యుత్కేంద్రాల కొలుముల్లోంచే పోతుంది. ఆ కరెంటుతో పల్లెలో ఒక బల్బూ ఒక ఫ్యానూ తిరుగుతాయి. నగరంలో అద్దాల మేడ మొత్తం చల్లబడుతుంది. లోకం మొత్తం మీద చూసినా ఇదే కథ. సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నులైతే, సగటు అమెరికావాడి వాటా పద్నాలుగు టన్నులదాకా ఉంటుంది. పారిశ్రామిక యుగం మొదలైనప్పటినుంచి గాలిలో చేరిన మొత్తంలో సుమారు నాలుగోవంతు ఆ ఒక్క దేశానిది. ‘సగటు భారతీయుడు’ కూడా ఒక దుప్పటే, ఆ కింద ఎవరెవరున్నారో విప్పి చూడాలి గాని.

నిరుడు మా తరగతిలో ఇట్లాంటి కవిత ఒకటి చదివించాను. అయిపోయాక ఒక అమ్మాయి లేచి, “సార్, ఈ మనిషిలో మా నాన్న కూడా ఉన్నాడా?” అని అడిగింది. ఆమె తండ్రి ఓపెన్‌కాస్టులో మట్టి తోలే డంపర్ మీద కాంట్రాక్టు డ్రైవరు. భూమాత గుండెను తవ్విన మనిషి అంటే ఆమెకు తెలిసిన మనిషి ఆయనే మరి. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆనాడు చెప్పవలసింది ఇప్పుడు చెబుతున్నాను.

ముందు మన ఇల్లు చూసుకుందాం. అభ్యుదయ కవిత్వం బొగ్గునూ, పొగగొట్టాన్నీ, యంత్రాన్నీ అభిమానించిన మాట నిజం. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చింది. అందులోని ‘ప్రతిజ్ఞ’లో గనిలో పనిచేసేవాడికీ అడవిలో పనిచేసేవాడికీ కార్ఖానాలో పనిచేసేవాడికీ ఒకే వరుసలో చోటు దొరికింది. తరువాతి కవులు ఆ వరుసలోని చెమటను వదిలేసి పొగను మాత్రం పట్టుకున్నారు. కర్మాగారపు పొగ ప్రగతికి జెండా అయింది. దీనికి వాళ్ళను ఇవాళ నిలదీయడం న్యాయం కాదు. గాలిలో బొగ్గుపులుసు వాయువును హవాయి కొండమీద క్రమం తప్పకుండా కొలవడం మొదలైందే 1958లో. అప్పుడది పదిలక్షల భాగాల్లో 315 భాగాలు. పైగా కిరసనాయిలు బుడ్డి వెలుగులో చదువుకున్న కవికి కరెంటు స్తంభం అందంగా కనిపించడంలో ఆశ్చర్యమేముంది? ఆ అంకె ఇప్పుడు 420 దాటింది. తెలిసిన తరువాత కూడా పొగను జెండాగా ఎగరేసేవాడికి ఆ మినహాయింపు లేదు.

మన సిద్ధాంతంలోనే ఈ సమస్యకు చోటు లేదని, ఇది పాశ్చాత్య పర్యావరణవాదులు మోసుకొచ్చిన ఫాషనని ఇప్పటికీ అనే పెద్దలున్నారు. వారు మార్క్సును మరొకసారి చదవాలి. పెట్టుబడిదారీ వ్యవసాయం నేల సారాన్నీ కూలివాడి సత్తువనూ ఒకేసారి పిండివేస్తుందని ఆయన 1867నాటి ‘కాపిటల్’ మొదటి సంపుటంలోనే రాశాడు. ప్రకృతిమీద మానవుడు సాధించిన ప్రతి విజయానికీ ప్రకృతి పగ తీర్చుకుంటుందని ఎంగెల్సు 1876లో హెచ్చరించి, అడవులు నరికి నేలను ఎడారి చేసుకున్న మెసొపొటేమియా, గ్రీసు దేశాల ఉదాహరణలిచ్చాడు. ఆయన కూడా ‘మానవుడు’ అనే అన్నాడు కదా అని ఎవరైనా నన్ను పట్టుకోవచ్చు. ఆయన అక్కడ ఆగలేదు. ఇవాళ్టి లాభమొక్కటే చూసే వ్యాపారి దృష్టిదాకా, ఆ దృష్టిని పెంచిన ఉత్పత్తి విధానందాకా వెళ్ళాడు. మన కవులు మొదటి వాక్యం దగ్గరే దిగిపోతున్నారు.

ఈ దిగిపోవడం ఎందుకు జరుగుతున్నది? నాకు తోచిన కారణం, భావకవిత్వం దొడ్డిదారిన తిరిగి రావడం. పూర్వం కవి ఏడుపుకు ప్రేయసి వియోగం ఆలంబనం; ఇప్పుడు నది, పిట్ట, చెట్టు. ఏడుపు మాత్రం అదే. పిట్టకోసం ఏడవడం తప్పని నేననను. కాని పిట్ట వాలిన చెట్టు ఎవరి భూమిలో ఉందో, ఆ భూమి ఎవరి పట్టాలో ఉందో కవికి పట్టదు. అందువల్లనే ఈ కవితలను ఏ ప్రభుత్వ కార్యక్రమంలోనైనా నిరభ్యంతరంగా చదవవచ్చు. ఏ థర్మల్ కేంద్రపు పర్యావరణ దినోత్సవంలో చదివినా చప్పట్లు కొడతారు. అందరూ చప్పట్లు కొట్టగల ఆగ్రహం ఆగ్రహమేనా?

దీనికి భిన్నమైన మార్గం సాహిత్యంలో లేకపోలేదు. ఎమిల్ జోలా 1885లో ‘జెర్మినల్’ ప్రకటించాడు. ఉత్తర ఫ్రాన్సు బొగ్గుగనుల సమ్మె కథ అది. రాయడానికి ముందు ఆయన ఆంజాన్ గనులకు వెళ్ళి, లోపలికి దిగి, చూసినవన్నీ రాసుకున్నాడు. నవల ఆరంభంలోనే ఒక ముసలి కార్మికుడు దగ్గి ఉమ్మితే నల్లగా పడుతుంది. ఆయన గనిలోంచి పైకి వచ్చి చాలాకాలమైంది, బొగ్గు మాత్రం ఆయన లోపలే ఉంది. వాతావరణం అనే మాట ఆ నవలలో మనం ఇవాళ వాడే అర్థంలో లేదు. అయినా కర్బనం ఎవరి ఊపిరితిత్తుల గుండా ప్రయాణిస్తుందో, లాభం ఎవరి ఇంట్లో ఆగుతుందో అంత స్పష్టంగా చెప్పిన రచన అరుదు. మన సింగరేణి కార్మికుల జీవితాన్ని అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితలు కథల్లోనూ నవలల్లోనూ బలంగా చిత్రించారు. అయితే అది ప్రధానంగా భూగర్భ బాయిల కాలం. దీపం, తట్ట, కప్పు కూలడం, కలిసి సమ్మెకు దిగడం – బాయిలో నాటకీయత తనంత తానే ఉంది. ఓపెన్‌కాస్టులో అది లేదు. అక్కడ ఒక్కొక్క డ్రైవరు ఒక్కొక్క ఇనుప గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. అతని యజమాని సింగరేణి కాదు, కాంట్రాక్టరు. ఈ జీవితానికి తగిన కథారూపం మనవాళ్ళు ఇంకా తయారుచేసుకోవలసి ఉంది.

ప్రకృతి వైపరీత్యాన్ని కవిత్వం ఎట్లా పట్టుకోవాలో తెలియాలంటే దూరం పోనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది, వేలమంది చనిపోయారు. దానిమీద నగ్నముని ‘కొయ్యగుర్రం’ రాశారు. ఆ దీర్ఘకవిత సముద్రాన్ని తిట్టి ఊరుకోదు. చచ్చినవాళ్ళు ఎవరు, బతికినవాళ్ళు శవాల మధ్య ఏం చేస్తున్నారు, ప్రభుత్వం ఎక్కడుంది అన్న దిక్కుగా నడుస్తుంది. దాని నైరాశ్యంతో నాకు పేచీ ఉంది. అయినా ఉప్పెన కూడా రాజకీయ వస్తువేనని తెలుగు కవిత్వం ఒకసారి నేర్చుకున్నది. నేర్చుకున్నది ఎందుకు మరిచింది?

ఇంతవరకూ కవుల మాట. ప్రభుత్వాలూ సంస్థలూ వాడే మాటను కూడా విమర్శకుడు చదవాలి. కర్బనాన్ని తగ్గించే విధానాలన్నీ ముందు మాటలుగానే పుడతాయి. మాట దగ్గరే అవి ఎవరి పక్షమో తేలిపోతుంది. 2021లో గ్లాస్గో మహాసభ తుది ప్రకటనలో బొగ్గు వాడకాన్ని క్రమంగా ‘తొలగించడం’ అని ముసాయిదాలో ఉన్నది చివరి గంటలో ‘తగ్గించడం’ అయింది. భారతదేశం పట్టుపట్టి మార్పించింది. పత్రికలు మన దేశాన్ని దుయ్యబట్టాయి, మరికొన్ని మెచ్చుకున్నాయి. నిజానికి ఇందులో రెండు సత్యాలున్నాయి. వందేళ్ళు బొగ్గు, చమురు కాల్చి లేచి నిలబడ్డ దేశాలు తమ చమురునూ వాయువునూ వదిలిపెట్టి ఒక్క బొగ్గునే బోనెక్కించడం అన్యాయం. ఆ అన్యాయాన్ని చూపించి, పేదల పేరుతో అద్దాల మేడలకు కూడా బొగ్గు హక్కు సంపాదించడం రెండో అన్యాయం. మన కవులు మొదటిదాని మీదా రాయలేదు, రెండోదాని మీదా రాయలేదు. మనిషి మీద రాశారు.

అదే సభలో 2070 నాటికి ‘నెట్ జీరో’ సాధిస్తామని మన ప్రధాని ప్రకటించారు. ఈ మాటలో బరువంతా ‘జీరో’లో లేదు, ‘నెట్’లో ఉంది. వదిలినదానిలోంచి పీల్చుకున్నది తీసివేస్తే మిగిలేది సున్న కావాలి. పీల్చేది ఏమిటి? చెట్టు. 2030 నాటికి అడవులూ చెట్లూ పెంచి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును పీల్చిస్తామని 2015లో ప్యారిస్ ఒప్పందం సందర్భంగానే మన ప్రభుత్వం మాట ఇచ్చింది. చెట్టుకు భూమి కావాలి. ఎవరి భూమి?

ఈ ప్రశ్నకు జవాబు సత్తుపల్లి నుంచి కొత్తగూడెం పోయే దారిలోనే దొరుకుతుంది. ఈ అడవి అంచుల్లో కోయలు తరతరాలుగా పోడు కొట్టుకుని బతుకుతున్నారు. 2006నాటి అటవీ హక్కుల చట్టం వాళ్ళ సాగును హక్కుగా గుర్తించింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నరమందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చింది. ఈ రెండు తేదీల మధ్య పదిహేడేళ్ళలో అటవీశాఖ మొక్కలకూ పోడు చేనుకూ ఎన్నోచోట్ల ఘర్షణ జరిగింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో విధి నిర్వహణలో ఉన్న ఒక అటవీ అధికారి ప్రాణమే పోయింది. ఆ మరణం ఏ వాదానికీ అలంకారం కాకూడదు. కాని మొక్కలకోసం అధికారినీ, గుప్పెడు గింజలకోసం గిరిజనుణ్ణీ ఒకే చేలో ఎదురెదురుగా నిలబెట్టిన విధానం ఆ చేలో ఎక్కడా కనిపించదు. అది గ్లాస్గోలో ఉంటుంది, ఢిల్లీలో ఉంటుంది. ‘మనిషి అడవిని నరికాడు’ అని రాసే కవి ఈ తగాదాలో తనకు తెలియకుండానే ఒక పక్షం వహిస్తున్నాడు. ఇంతకూ పోడు కొట్టినవాడు కాల్చేది ఆ ఏడు నరికిన పొదలను. గనికోసం అడవిని తీసి, దానికింద కోట్ల ఏళ్ళుగా నిద్రపోతున్న అడవిని కూడా తవ్వి కాల్చేవాళ్ళు వేరే ఉన్నారు.

చెట్టును సరుకు చెయ్యడమూ మన జిల్లాకు కొత్త కాదు. సారపాక కాగితపు మిల్లు యాజమాన్యం, ఐ.టి.సి., ఖమ్మం జిల్లాలో రైతుల మెట్టభూముల్లో పెంచిన మిల్లు కలప తోటలను 2009లో ఐక్యరాజ్యసమితి వారి ‘స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం’ కింద కర్బన పథకంగా నమోదు చేయించుకున్నది. సుమారు మూడువేల హెక్టార్లు. ఆ చెట్టు నాలుగైదేళ్ళకు కాగితమవుతుంది, మొదలు మళ్ళీ చిగురిస్తుంది. రైతుకు దక్కిన ఆదాయాన్ని నేను తక్కువ చెయ్యను. కర్ర ధర బాగున్న ఏడు మెట్టరైతు ఊపిరి పీల్చుకున్నాడు. కాని జామాయిల్ తోటను అడవి అని పిలవమంటే నా భాషాజ్ఞానం ఒప్పుకోదు.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసింది పవర్‌గూడ ఉదంతం. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని గిరిజన గూడెం అది. అక్కడి మహిళలు కానుగ గింజల నూనె తీసే పనిలో ఉన్నారు. డీజిలుకు బదులు కానుగనూనె వాడితే ఆదా అయ్యే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు 2003లో ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. ఎందుకు కొన్నదయ్యా అంటే, వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సువల్ల గాలిలో చేరిన పొగను సరిపెట్టడానికి. విమానాల్లో వచ్చి చర్చించినవారి పాపాన్ని గూడెం ఆడవాళ్ళు కానుగ గింజలేరి కడిగారన్నమాట. ఆ మహిళలకు ఆ డబ్బు ఉపయోగపడింది, అది నిజం. మోసం జరిగిందని కూడా నేననడం లేదు. అన్నీ కాగితం మీద సక్రమంగానే ఉన్నాయి. సక్రమంగా ఉండడంలోనే కథ ఉంది. ఒక మంచి కథకుడి చేతిలో పడితే పది కవితల పెట్టు. ఇరవై ఏళ్ళు దాటింది, ఆ కథ నా కంటపడలేదు.

డబ్బు మాట వచ్చింది గనక బొగ్గుమీది పన్ను సంగతి కూడా చెప్పాలి. 2010లో కేంద్రప్రభుత్వం తవ్విన ప్రతి టన్ను బొగ్గుమీద 50 రూపాయల ‘క్లీన్ ఎనర్జీ సెస్సు’ వేసింది. ఆ సొమ్ముతో స్వచ్ఛమైన ఇంధనాలను పెంచుతామన్నారు. 2016 నాటికి అది 400 రూపాయలైంది, పేరు ‘క్లీన్ ఎన్విరాన్‌మెంట్ సెస్సు’ అయింది. 2017లో జి.ఎస్.టి. రావడంతో అదే 400 రూపాయలు ‘పరిహార సెస్సు’ అయి, రాష్ట్రాల పన్ను నష్టం పూడ్చడానికి పోయింది. 2025 సెప్టెంబరులో ఆ సెస్సును ఎత్తివేసి, బొగ్గుమీద జి.ఎస్.టి.ని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఇన్నిసార్లు పేరు మార్చుకున్న ఈ పన్నులో ఒక్క పేరులోనైనా బొగ్గు తవ్వినవాడి ప్రస్తావన లేదు. అతని ఊరి ప్రస్తావనా లేదు.

ఇక అందరూ బయటపెట్టే చివరి వాదం: బొగ్గు తగ్గిస్తే కార్మికుడి ఉద్యోగం పోతుంది గనక కార్మిక పక్షపాతి అయినవాడు బొగ్గును సమర్థించాలి. మన మిత్రుల్లో కూడా కొందరు ఇదే అంటారు. సింగరేణి లెక్కలు చూడండి. 1990–91లో అక్కడ సుమారు 1 లక్షా 16 వేలమంది కార్మికులు. తవ్విన బొగ్గు కోటీ ఎనభై లక్షల టన్నుల లోపు. ఇప్పుడు బొగ్గు ఏడుకోట్ల టన్నుల చుట్టూ ఉంది. కార్మికులు సుమారు నలభై వేలు, దానికితోడు కాంట్రాక్టు కార్మికులు. బొగ్గు నాలుగింతలు కాగా ఉద్యోగాలు మూడోవంతుకు పడిపోయాయి. కార్మికుణ్ణి బాయిలోంచి పైకి పంపింది ప్యారిస్ ఒప్పందం కాదు. షావెల్, డంపర్, ఓపెన్‌కాస్టు, కాంట్రాక్టు పద్ధతి. భూగర్భ గని స్వర్గమని నేననడం లేదు. అక్కడ చెయ్యివిరిగినవాళ్ళూ ఊపిరాగినవాళ్ళూ ఎందరో. కాని బొగ్గు పెరిగితే కూడు పెరుగుతుందన్న సూత్రం ఈ ముప్ఫై అయిదేళ్ళలో అబద్ధమైపోయింది.

అట్లాగని సూర్యరశ్మి వచ్చి అందరికీ పని పెడుతుందని నమ్మనక్కరలేదు. సింగరేణి సంస్థే మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెంలలో సోలార్ కేంద్రాలు పెట్టింది. పలకలు బిగించేదాకానే మందికి పని. తరువాత కావలసింది కొద్దిమందే. మరోపక్క 2025లో అదే సంస్థ ఒడిశాలోని నైనీ గనిలో తవ్వకం మొదలుపెట్టింది. ‘న్యాయమైన పరివర్తన’ అనే మాట ప్యారిస్ ఒప్పందపు పీఠికలోనే ఉంది. బొగ్గుమీద బతికే జార్ఖండు రాష్ట్రం 2022లో దీనికోసం ప్రత్యేకంగా ఒక బృందాన్ని నియమించింది. సత్తుపల్లి గనిలో బొగ్గు ఏదో ఒకనాటికి అయిపోతుంది. అప్పుడు గొయ్యి ఎవరిది, మట్టిగుట్టలు ఎవరివి, నలభై ఏళ్ళ వయసులో డంపర్ దిగినవాడికి ఏం పని అన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న. సంఘాలు అడగాలి. రచయిత కూడా అడగాలి.

పాల్వంచలో పాత థర్మల్ యూనిట్లను 2020 మార్చి నాటికి మూసేశారు. 2024 ఆగస్టు 5న వాటి కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేలుడు మందు పెట్టి పడగొట్టారు. క్షణాల్లో కూలిన ఆ దృశ్యం ఊరంతా ఫోన్లలో చూసింది. ఆ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలు దక్కలేదన్న మంటతోనే 1969 జనవరిలో తెలంగాణ ఉద్యమం రాజుకుందని ఆ వీడియో పంచుకున్న కుర్రవాళ్ళలో ఎందరికి తెలుసు? ఒక ఉద్యమానికి నిప్పంటించిన ఉద్యోగాలు, అవి ఇచ్చిన కరెంటు, వదిలిన పొగ, నింపిన బూడిద, చివరకు ఆ దుమ్ము – యాభై ఏళ్ళ చరిత్ర ఒక్కచోట కుప్పగా పడింది. మరునాడు నేను చూసిన రెండు మూడు కవితల్లో ఒకటి బాల్యస్మృతి, మిగిలినవి మనిషి నిర్మించి మనిషే కూల్చాడన్న తత్వం.

ఇందాకటి అమ్మాయి సంగతి. ఆ ప్రశ్న అడిగిన కొన్నాళ్ళకు, సెలవుల తరువాత, రెండు పేజీలు రాసి తెచ్చింది. శీర్షిక లేదు. మే నెలలో తండ్రి ఫస్టు షిఫ్టుకు తెల్లవారకముందే లేవడం; అయిదులీటర్ల నీళ్ళడబ్బాకు తడిగోనె చుట్టుకోవడం; ఏ.సి. పాడైతే బాగుచేయించడానికి కాంట్రాక్టరు పెట్టే తిప్పలు. ఎండకు కాలిన తలుపుపిడిని తువ్వాలుతో పట్టుకోవడం. షిఫ్టుకు ఎన్ని ట్రిప్పులు తోలితే ఎంత, తక్కువైతే ఎంత కోత. ఇంటికొచ్చి కూలర్ ముందు కూర్చుంటే కరెంటు పోవడం. బొగ్గు తవ్వే ఊళ్ళో కరెంటు పోయిందని తల్లి నవ్విన నవ్వు దగ్గర ఆపేసింది. వాక్యాలు కొన్ని కుదరలేదు, ఒత్తులు తప్పులున్నాయి. నేను ఒత్తులు మాత్రం దిద్ది తిరిగి ఇచ్చాను. ‘మనిషి’ అనే మాట ఆ రెండు పేజీల్లో ఒకే ఒక్కచోట వచ్చింది. వేసవిలో రోజుకు ఎన్ని లీటర్ల నీళ్ళు తాగితే మనిషి నిలబడతాడో వాళ్ళ నాన్న చెప్పినచోట.